తోటివారి తీర్పు

పరీక్ష హాల్లో స్లిప్పుతో దొరికిన కుర్రాడి సంగతి మన దగ్గర ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. స్క్వాడ్ వాళ్లు ఆన్సర్ షీటు లాక్కుంటారు. చేతులు వణుకుతుండగానే సంజాయిషీ రాయించుకుంటారు. మాల్‌ప్రాక్టీస్ కేసు బుక్కవుతుంది. కొన్నాళ్లకు కమిటీ ముందుకు రమ్మంటారు. ఆ గదిలో కూర్చున్నవాళ్లంతా పెద్దలే. అదే హాల్లో కూర్చుని, అదే పేపరు నిజాయతీగా రాసిన విద్యార్థి ఒక్కడూ అక్కడ ఉండడు. కాపీ వల్ల ముందుగా అన్యాయమైపోయేది అతనే అయినా, అతని మాట అడిగేవారు లేరు.

ఆ మాట అడగడమే కాదు, తీర్పునే విద్యార్థుల చేతిలో పెట్టిన విశ్వవిద్యాలయం ఒకటి అమెరికాలో ఉంది. థామస్ జెఫర్సన్ స్థాపించిన వర్జీనియా విశ్వవిద్యాలయంలో తొలినాళ్లలో గురుశిష్యులకు క్షణం పడేది కాదు. 1840 నవంబరులో జాన్ డేవిస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుణ్ణి ముసుగు వేసుకున్న ఒక విద్యార్థి కాల్చాడు. ఆయన ప్రాణాలు దక్కలేదు. అలాంటి చోట ఎవరైనా కాపలా పెంచుతారు. 1842లో హెన్రీ సెయింట్ జార్జ్ టక్కర్ అనే ఆచార్యుడు మాత్రం వేరే దారి చూపాడు. పరీక్షలో ఎవరి సాయమూ తీసుకోలేదని ప్రతి విద్యార్థీ తన గౌరవం సాక్షిగా రాసి సంతకం చేస్తే, ఆ మాటను నమ్ముదామన్నాడు. కాలక్రమంలో ఆ నమ్మకాన్ని కాపాడే బాధ్యత కూడా విద్యార్థులదే అయింది.

ఇప్పుడక్కడ ఫిర్యాదు వస్తే విచారించేది విద్యార్థులు, నిందపడినవాడి పక్షాన మాట్లాడేది విద్యార్థులు, నిర్ణయించేదీ విద్యార్థులే. వాళ్లు తేల్చుకోవలసిన ప్రశ్నలు మూడు. ఆ పని జరిగిందా? తప్పని తెలిసే చేశాడా, లేక తెలియడానికి అవకాశమైనా ఉందా? దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తే మన మధ్య నమ్మకం నిలుస్తుందా? మొదటి ప్రశ్నకు ఆధారాలు చాలు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మాత్రం ఆ తరగతి గదిలో రోజూ మెలిగేవాడే కావాలి.

తోటివాడికి శిక్ష వేయడం తేలిక కాదు. ఆ విశ్వవిద్యాలయంలో తరతరాలుగా ఒకటే శిక్ష ఉండేది: తప్పు రుజువైతే శాశ్వత బహిష్కరణ. 2001లో ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు టర్మ్ పేపర్లను పోల్చి చూసే ప్రోగ్రాం తయారుచేసుకుంటే, 150 మందికి పైగా విద్యార్థులపై ఫిర్యాదులు వెళ్లాయి. ఒక్క పేపరుకు ఒక జీవితమే మూల్యమా అన్న ప్రశ్న అక్కడ ఎప్పుడూ సద్దుమణగలేదు. శిక్ష అంత పెద్దదైతే ఫిర్యాదు చేయడానికి మనసొప్పదు, దోషి అనడానికి నోరు రాదు. 2013లో విద్యార్థులు ఒక సడలింపు తెచ్చుకున్నారు. ఫిర్యాదు వచ్చాక తప్పు ఒప్పుకుంటే ఏడాది పాటు చదువు ఆపి, మళ్లీ చేరవచ్చన్నారు. 2022లో ఓటేసినవారిలో నూటికి 80 మందికి పైగా ఒప్పుకుని శాశ్వత బహిష్కరణను తీసేశారు. మరుసటి ఏడాది తప్పును బట్టి శిక్ష వేసే పద్ధతికి ఓటేశారు. పైనుంచి ఎవరూ ఆజ్ఞాపించలేదు. తీర్పు చెప్పే బరువు మోసినవాళ్లే కరుణ ఎంత అవసరమో తెలుసుకున్నారు.

విద్యార్థులు కూర్చున్నంత మాత్రాన న్యాయం దానంతటదే జరగదు. తీర్పు చెప్పే ఆ విద్యార్థుల కమిటీయే తన పాత రికార్డులు తిరగేస్తే, ఆసియా మూలాలవాళ్ల మీదా విదేశీ విద్యార్థుల మీదా ఫిర్యాదులు వాళ్ల సంఖ్యకు మించి వచ్చినట్టు తేలింది. ఇది మనకు దూరపు విషయం కాదు. హాస్టల్ గదిలో నలుగురూ కూర్చుని ఒకే అసైన్‌మెంట్ పూర్తిచేసే అలవాటుతో ఏటా ఎందరో మన పిల్లలు అక్కడికి వెళ్తున్నారు. స్నేహితుడి కోడ్ చూసి రాసుకుంటే అక్కడది కేసు. సస్పెండైతే చదువుతో పాటు వీసాకూ ఎసరు వస్తుంది. విమానం ఎక్కేముందే, ఇంటి దగ్గరే, ఆ నియమం నేర్పాల్సింది మనం.

మన దగ్గర సిద్ధాంత గ్రంథాల్లో నకలును అరికట్టడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. పోలికలు 10 శాతం దాటితే సవరించి మళ్లీ ఇవ్వాలి, 40 దాటితే ఏడాది డిబార్, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. విచారణకు విభాగం స్థాయిలో ఒకటి, సంస్థ స్థాయిలో ఒకటి సంఘాలు ఏర్పాటు చేయమంది. వాటిలో సీనియర్ ఆచార్యులకూ సాఫ్ట్‌వేర్ తెలిసినవారికీ చోటుంది. విద్యార్థికి లేదు. సాఫ్ట్‌వేర్ పోలికను లెక్కిస్తుంది. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది మనుషులే అడగాలి.

పద్దెనిమిదేళ్లకు ఓటు ఇచ్చి ప్రభుత్వాన్ని ఎన్నుకోమంటున్నాం. సహపాఠి తప్పును తూచే తెలివి వాళ్లకు లేదనడం సబబు కాదు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు తమ మాల్‌ప్రాక్టీస్ కమిటీల్లో ఇద్దరు విద్యార్థులకైనా చోటు ఇవ్వాలి. ముందుగా వచ్చి ఒప్పుకున్నవారికి, తొలిసారి తప్పు చేసినవారికి దిద్దుకునే దారి ఉంచాలి. స్క్వాడ్‌లు ఎన్ని తిరిగినా అవి గేటు దాటే వరకే. ఆ తర్వాత కూడా నిలవాల్సిన నిజాయతీని విద్యార్థులకే అప్పగించాలి.