నడిచి చేరగల వీధి

అమెరికాలోని బిడ్డల ఇంటికి వెళ్ళివచ్చిన నా వయసువారు చెప్పే మాట దాదాపుగా ఒక్కటే: "అన్నీ అమరి ఉన్నాయి గాని, గడప దాటలేమండీ!" కారు నడపడం రానివానికి అక్కడి సుఖం పంజరంలోని చిలుక సుఖమే. 2023 వేసవిలో కొలరాడో రాష్ట్రం లూయివిల్‌లో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు మొదటి మూడు వారాలు నేనూ ఆ మాటే అనుకున్నాను. పెరుగు తేవాలన్నా, నలుగురి ముఖాలు చూడాలన్నా మా అల్లునికి తీరిక చిక్కేదాకా ఆగవలసిందే. నలభై ఏళ్ళపాటు పిల్లలకు "స్వతంత్రించి ఆలోచించండి" అని బోధించినవాణ్ణి, వీధిలోకి పోవడానికి ఒకరి అనుమతి కోసం ఎదురుచూడడం ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆ వయసులో తెలిసివచ్చింది.

ఆ చెర విడిపించినది పొరుగున ఉన్న బౌల్డర్ పట్టణంలోని పెర్ల్ స్ట్రీట్. నేను మాత్రం దానిని ముత్యాల వీధి అని పిలుచుకున్నాను. అందులో 11వ వీధి నుండి 15వ వీధి వరకు నాలుగు బ్లాకుల మేర వాహనాలకు ప్రవేశం లేదు. సైకిలు మీద వచ్చినవారు కూడా దిగి నడిపించుకుని పోవలసిందే. ఇటుకలు పరచిన నేల, పూలమళ్ళు, చెట్లు, వాటి నీడన బల్లలు. ఇరువైపులా భోజనశాలలు, బట్టల దుకాణాలు, ఒక పెద్ద పుస్తకాల అంగడి. నడుమ న్యాయస్థాన భవనం, దాని ముందు పచ్చిక. పడమటివైపు తలయెత్తితే కొండలు.

మన అలంకారికులు చెప్పిన దశరూపకాలలో 'వీథి' ఒకటి. ఒకే అంకం, ఒకటి రెండు పాత్రలు. తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా నాకే అది కళ్ళకు కట్టలేదు. పెర్ల్ స్ట్రీట్‌లో ఒకడు కత్తులు ఎగరవేస్తూ, గుమిగూడినవారితో పరాచికాలాడుతూ, చివరకు టోపీ చాచాడు. అంకం ముగిసింది, పాత్ర నిష్క్రమించింది. రూపకానికి వీథి అని పేరెందుకు పెట్టారో ఆనాడు నాకు నేనుగా ఒక సమాధానం చెప్పుకున్నాను.

ఈ వీధి ఎలా పుట్టిందో చెబితే గాని నా వాదం పూర్తి కాదు. 1963లో బౌల్డర్‌లో క్రాస్‌రోడ్స్ అనే పెద్ద వ్యాపార సముదాయం వెలసింది. కారు నిలుపుకొనడానికి విశాలమైన స్థలమున్న చోటికి జనం తరలిపోగా, ఊరి నడిబొడ్డున ఉన్న పాత అంగడివీధి కళ తప్పింది. ఇంకొక ఊరైతే ఆ వీధిని కూడా వెడల్పు చేసి కార్లను పిలిచేదేమో. వీరు అందుకు విరుద్ధంగా 1977లో కార్లను బయటికి పంపి, మనుషులను లోపలికి పిలిచారు. క్రాస్‌రోడ్స్ 2004లో మూతపడింది. ముత్యాల వీధి నేటికీ నిలిచి ఉన్నది.

మొదటిసారి మా అమ్మాయి, మనుమడితో కలిసి వెళ్ళాను. రెండవసారి ఒంటరిగా వెళ్ళాను. లూయివిల్ నుండి 'డాష్' అనే బస్సు బౌల్డర్‌కు పోతుంది. అది దింపే చోటు నుండి ఆ వీధి నాలుగడుగులే. సముద్రమట్టానికి పదహారు వందల మీటర్లకు పైన ఉన్న ఊరు కనుక కొంచెం నడిస్తే ఆయాసం వస్తుంది. కాని బల్ల ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది. కూర్చున్నాను. ఏం కావాలని ఎవరూ అడగలేదు, లెమ్మని ఎవరూ అనలేదు. ఇంతలో మా అమ్మాయి ఫోను: "నాన్నా, ఎక్కడున్నావు?" "వీధిలో ఉన్నానమ్మా" అన్నాను. ఆ మాట అంత గర్వంగా ఎన్నడూ అనలేదు.

దోషాలు లేవని కాదు. ఆ నాలుగు బ్లాకులలో నడవడానికి చాలామంది కారులోనే వచ్చి, దగ్గరలో నిలిపి, దిగి నడుస్తారు! కాఫీ ధరను రూపాయలలోకి మార్చి చూసుకుని నేను మంచినీళ్ళతో సరిపెట్టుకున్నాను. అయినా బల్లకు రుసుము లేదు. నా దృష్టిలో ఆ వీధికి ప్రాణం అంగళ్ళు కావు, ఏమీ కొననివాడికి కూడా చోటిచ్చే ఆ బల్ల.

తిరిగి వచ్చాక విజయవాడ బీసెంట్ రోడ్డుకు వెళ్ళాను. ఏలూరు రోడ్డుకూ బందరు రోడ్డుకూ నడుమ, కాలినడకకే పుట్టినట్లున్న వీధి అది. జనం, బేరాలు, తోపుడుబండ్లు, పువ్వుల వాసన, ఏ లోటూ లేదు. కాని కూర్చోవడానికి చోటు లేదు. ఒక మోటారు సైకిలు నా మోచేతిని రాసుకుని పోయింది. ఇటువంటప్పుడు మనవారు వెంటనే చెప్పే మందు, చిరువ్యాపారులను తొలగించమని. నేను ఒప్పుకోను. వీధి వ్యాపారుల జీవనోపాధికి 2014 నాటి చట్టం రక్షణ కల్పించింది. చట్టం మాట అటుంచినా, తోపుడుబండి లేని అంగడివీధి పాత్రలు లేని రూపకం. తొలగించవలసినది బండి వానిని కాదు, ఆ ఇరుకులో దూసుకుపోయే యంత్రాన్ని. ఢిల్లీ చాందినీ చౌక్‌ను పగటివేళ మోటారు వాహనాలు లేని వీధిగా తీర్చిదిద్ది 2021లో ప్రారంభించారు. మన తిరుమల మాడవీధులలో స్వామివారి వాహనానికి తప్ప మరొక వాహనానికి ప్రాధాన్యం లేదు. కనుక ఇది మనకు పరాయి ఆలోచన కాదు.

ఊరు ఎంత నాగరికమైనదో దాని వంతెనలను బట్టి కాదు, డెబ్బైకి చేరువైనవాడు ఒంటరిగా ఇల్లు కదిలి, వీధి చూసి, క్షేమంగా తిరిగి రాగలడా అన్నదాన్ని బట్టి చెప్పాలని నా అభిప్రాయం.

మిత్రులారా, మీ ఊరిలో అటువంటి వీధి ఉన్నదా? ఉంటే తెలుపగలరు. మోకాళ్ళు సహకరించినంత కాలం వచ్చి చూస్తాను.