బడియే బిడ్డకడకు రావలెను

గోదావరి కుడిగట్టున, మణుగూరు బొగ్గుగనులకు ఎగువగా, అడవి యంచున నున్న మండలము పినపాక. చెవి వినరాని బిడ్డయో, చూపు లేని బిడ్డయో, బుద్ధి మెల్లమెల్లగా వికసించు బిడ్డయో కలిగిన తలిదండ్రులు అచ్చట నొక ప్రశ్నతో నిత్యము పోరాడవలసి యున్నది. బిడ్డను ఏ బడికి పంపవలెను? ఊరిబడికా? గిరిజన సంక్షేమశాఖవారి ఆశ్రమ పాఠశాలకా? కొత్తగూడెమునకో, ఖమ్మమునకో మకాము మార్చవలెనా? లేక సుమారు 300 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదులో ప్రత్యేక పాఠశాలను వెదకికొనవలెనా? ఇది యొక యింటి గోడు మాత్రమే యని తలచువారు పొరబడుచున్నారు. ఇది ప్రభుత్వ ధర్మమునకును, మన సంఘధర్మమునకును సంబంధించిన ప్రశ్న.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు ఇల్లు కొనుటకు ముందు ఆ యిల్లు ఏ పాఠశాలా మండలము క్రిందికి వచ్చునో విచారించుట మన పాఠకులలో అనేకు లెరిగినదే. ప్రత్యేకావసరములు గల బిడ్డ యున్న యింట ఈ విచారణ మరింత తీవ్రముగా నుండును. అచ్చట 1975లో వెలసిన శాసనము ప్రకారము, తన యెల్లలలో నివసించు అట్టి ప్రతి బిడ్డకును తగిన విద్యను ఉచితముగా నొసగు పూచీ ఆ పాఠశాలా మండలముదే. బిడ్డ బిడ్డకును వేర్వేరుగా విద్యాప్రణాళికను వ్రాయవలెను. అది తృప్తికరము గానిచో తలిదండ్రులు విచారణ కోరవచ్చును. అయినను ఆ బడుల రాబడిలో గొప్పభాగము స్థిరాస్తి పన్నులనుండి వచ్చుటచే సంపన్నుల పేటలలో మేలైన బడులును, పేదల పేటలలో బీదబడులును ఏర్పడుచున్నవి. ఎన్నుకొను హక్కు ఇల్లు మార్చగల వానికే చెల్లుచున్నది. ఆ దేశమునుండి మనము గ్రహింపవలసినది ఈ యెన్నిక గాదు, ఆ పూచీ.

మన దేశమునను శాసనములకు కొదువ లేదు. 1911లో గోఖలే మహాశయుడు నిర్బంధ ప్రాథమిక విద్యకై చిత్తుశాసనమును ప్రవేశపెట్టగా ఆనాటి పరప్రభుత్వము దానిని సాగనీయలేదు. ఆ కల శాసనరూపము దాల్చుటకు 2009 వరకును వేచియుండవలసి వచ్చెను. 2016లో వెలువడిన వికలాంగుల హక్కుల శాసనము 21 విధముల వైకల్యములను గుర్తించి, నూటికి 40 వంతులకు తక్కువ గాని వైకల్యము గల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వయస్సు వరకు ఉచిత విద్యాహక్కును ప్రసాదించినది. ఇరుగుపొరుగు బడిలో చదువుటయా, ప్రత్యేక పాఠశాలలో చదువుటయా అను నిర్ణయమును ఆ శాసనము బిడ్డ యిష్టమునకే విడిచినది. తీవ్రవైకల్యము గల బిడ్డ ఇంటివద్దనే చదువుకొను హక్కు 2012 నాటి సవరణము చేతనే లభించియున్నది. కాగితముపై ఇంతకంటె ఉదారమైన శాసనము అరుదు.

కాని పినపాక బాలునకు ఈ యిష్టమున కర్థమేమి? ఊరిబడిలో వానికి చదువు చెప్ప నేర్చిన ఉపాధ్యాయుడు లేనప్పుడు, ప్రత్యేక పాఠశాల అడవులు దాటి యున్నప్పుడు, రెండింటిలో నొకటి కోరుకొమ్మనుట ఆకలిగొన్నవానికి రెండు ఖాళీ విస్తళ్లు చూపుట వంటిది. తన భూమిని, పశువులను, చుట్టపక్కములను విడిచి కూలివాడు పట్టణమునకు ఎట్లు తరలిపోగలడు? పసిబిడ్డ నొంటరిగా వసతిగృహమున దిగవిడిచిన తల్లి ఎన్నిమారులు పోయి చూడగలదు? వినికిడి లేని బిడ్డకు ఇంటివారి పెదవుల కదలికయు, చేసైగయు, ముఖభావమునే గదా తొలి అక్షరములు! వాని నా యింటినుండి వేరు చేసిన పిదప ఆ లోటును తీర్చు టెవరి తరము?

జిల్లాల విషయమే చూడుడు. 1953లో వరంగల్లునుండి విడిపోయి ఖమ్మము జిల్లా యేర్పడెను. 1959లో భద్రాచల ప్రాంతము తూర్పుగోదావరినుండి వచ్చి అందు చేరెను. 2014లో పోలవరము నిమిత్తము కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమున కలిసెను. 2016లో పినపాక భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిదయ్యెను. పాలకులు గీతలు గీయుచును చెరపుచును ఉన్నారు. బిడ్డ మాత్రము ఆ గుడిసె ముంగిటనే యున్నాడు. పరిపాలన ప్రజలకు చేరువ గావలెనని గదా జిల్లాల నిన్ని చేసితిమి. ఆ చేరువతనము కచేరీకేగాని బడికి వర్తింపదా?

ఇచ్చట మరియొక చిక్కు కలదు. ఈ మండలమున కోయలు విస్తారముగా నున్నారు. ఛత్తీస్‌గఢ్ వైపునుండి తరలివచ్చిన గుత్తికోయల గూడెములును కలవు. ఇంటిలో కోయమాట, బడిలో తెలుగు. మొదటి తరగతిలో గురువు మాట తెలియక బిక్కమొగము వేసిన పిల్లవానిని మందబుద్ధి యని తలచు ప్రమాదమున్నది; నిజముగా చెవి వినరాని పిల్లవానిని చూచి 'భాష తెలియదు గాబోలు, క్రమముగా నేర్చుకొనును' అని ఊరకుండు ప్రమాదమును ఉన్నది. ఈ రెండును బిడ్డకు ద్రోహములే. కావున పరీక్షించువానికి బిడ్డ తల్లిభాష తెలియవలెను. లేదా తెలిసినవానిని వెంట నుంచుకొనవలెను. ఏజెన్సీలలో కనబడు సికిల్ సెల్ రక్తవ్యాధి సైతము 2016 శాసనమున వైకల్యముగా పరిగణింపబడినది. ఉండియుండి కీళ్లనొప్పులతో బడి మానుచుండు ఆ బిడ్డను సోమరి యని శిక్షించు ఉపాధ్యాయుడు క్రూరుడు గాదు, తెలియనివాడు. ఆ తెలియమిని పోగొట్టు భారము వానిని నియమించినవారిదే.

ప్రతి పల్లెకును ఒక నిపుణుని పంపుట సాధ్యమా యని కొందరు ప్రశ్నింతురు. ఊరికి ఒకరో ఇద్దరో బిడ్డలుందురు. వారికై ఇంత వ్యయమా యనియు అందురు. ప్రత్యేక పాఠశాలలు వలదని మేమనుట లేదు. బ్రెయిలీ లిపి నేర్వవలసిన బాలునకును, సంజ్ఞాభాషలో నలుగురితో కలిసి పెరుగవలసిన బాలికకును అవి మహోపకారులు. సికింద్రాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయసంస్థ బుద్ధిమాంద్యము గల బిడ్డల విద్యకై అనేకులకు శిక్షణ నిచ్చినది. మేము కోరునది యేమనగా, దూరపు బడికి పంపుట తలిదండ్రుల ఇష్టముగా నుండవలెనే గాని గత్యంతరము లేమిగా నుండరాదు. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా డెల్టా కాలువలలో పడవపై గ్రంథాలయమును నడిపి, పుస్తకమునే పాఠకుని గట్టునకు చేర్చిరి. కాలువ వెంట పుస్తకము పోగలిగినప్పుడు, నేటి తారురోడ్లపై ఉపాధ్యాయుడు గూడెమునకు పోలేడా?

మండలములందు 'భవిత' అను పేర కేంద్రములు నెలకొల్పవలెననియు, అచ్చటి శిక్షకులు బడులకును ఇండ్లకును పోయి చదువు చెప్పవలెననియు ఏర్పాటు ఇదివరకే కలదు. ఏర్పాటు మంచిది, అది బలహీనముగా నుండుటయే మన విచారము. ఒప్పందపు కొలువులో, చాలీచాలని జీతముతో, చెదురుమదురుగా నున్న గూడెముల నన్నిటిని ఒకరిద్దరు శిక్షకులు చుట్టిరావలెననిన నెట్లు? ఇట్టి బిడ్డలకు ప్రాథమిక తరగతులలో 10 మందికి ఒకరు, పై తరగతులలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయు లుండవలెనని సుప్రీముకోర్టు 2021 అక్టోబరులో ఆదేశించినది. ఖాళీలను ప్రకటించి నింపవలసినదిగా 2025 మార్చిలో రాష్ట్రములను మరల హెచ్చరింపవలసి వచ్చినది. 2011 జనాభా లెక్కలనుబట్టి దేశమున 5 మొదలు 19 ఏండ్ల లోపు వికలాంగులలో నూటికి 27 మంది ఏనాడును బడిగడప త్రొక్కలేదు. ఇవి వట్టి అంకెలు గావు. నలుగురిలో నొకని తలుపును మనము మూసియుంచితిమని ఇవి చాటుచున్నవి.

ఈ విషయమున భూస్వాములును, పట్టణవాసులును చేయదగిన పని యున్నది. పాఠశాల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులే యుండవలెనని 2009 శాసనము విధించినది. ఆ సంఘమున ప్రత్యేకావసరములు గల బిడ్డ తల్లికి చోటున్నదా? మా బడిలో ఇట్టి బిడ్డలెందరు, శిక్షకుడు నెలకు ఎన్ని దినములు వచ్చుచున్నాడు, మరుగుదొడ్డికి వాలుదారి కలదా, చక్రపుకుర్చీయు వినికిడి యంత్రమును అందినవా అని గ్రామసభలో నడుగుడు. మాటలు రాని కూలివాని పక్షమున మాట నేర్చినవాడు నిలువనిచో ఆ విద్య యెందుకు? తలిదండ్రులకును ఒక మనవి: బడి నెన్నుకొనునప్పుడు భవనమును చూచి మురియకుడు. మీ బిడ్డ పేరు గురువునకు తెలియునా, ఆటలో తోటిపిల్లలు వానిని కలుపుకొందురా, వానికి నేడేమి నేర్పిరో సాయంకాలము మీకు చెప్పువారున్నారా యని చూడుడు.

ఆడపిల్లలకు చదువేల యనిన కాలమున 1874లో కందుకూరి వీరేశలింగము పంతులు గారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను తెరచిరి. ఆనాడు నవ్వినవారి మనుమరాండ్రే పిదప ఉపాధ్యాయినులైరి. నేడు 'ఈ బిడ్డకు చదువేల?' అనువారును రేపు సిగ్గుపడుదురు. ఆ రేపటి కొరకు పినపాక బిడ్డ వేచియుండలేడు. వాని బాల్యము ప్రభుత్వపు దస్త్రము వలె కట్టిపెట్టి తీరికవేళ విప్పదగినది గాదు. ఎన్నుకొనుటకు వానికి హక్కిచ్చితిమి. ఎన్నుకొనదగిన బడిని వాని యూరనే నిలుపుట మిగిలియున్నది. ఆ పని నెరవేరనంత కాలము 2016 శాసనము పినపాకకు చేరలేదనియే మేము చెప్పుదుము.