సముద్రపు తొట్టికి వడపోత యేది?

మన ప్రయోగశాలలో ఉప్పునీటి తొట్టి నొకదానిని నెలకొల్పి, పగడపు దిబ్బలయందు వసించు ప్రాణులను పెంచవలెనని పై తరగతుల విద్యార్థులు కొందఱు కోరుచున్నారు. అందులకు చందాలిచ్చుటకు తలిదండ్రులును ముందునకు వచ్చియున్నారు. కోరిక మెచ్చదగినదే. కాని తయారైన అంచనాలో సగమునకు పైగా సొమ్ము వడపోత యంత్రములకే చెల్లిపోవునట్లున్నది. అరువది లీటర్ల తొట్టికి ఇంత యంత్రసామగ్రి అనవసరమని మా యభిప్రాయము. చందా లిచ్చువారు దీనిని ముందుగానే వినుట మంచిది.

ఇట్టి తొట్టుల కథ యంత్రములతో మొదలు కాలేదు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఉపాధికారిగా నుండిన గురువుగారి భార్య, ఆనా థిన్ అను నామె, 1846వ సంవత్సరమున ఇంగ్లండు దక్షిణతీరమందలి టార్కీనుండి రాతిపగడములను లండను నగరమునకు గొనివచ్చి పెంచెను. ఆనాడు విద్యుత్తు లేదు, పంపు లేదు. నీటికి గాలి తగులుటకై తెఱచిన కిటికీ చెంత దానిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి ఎత్తిపోయు చుండిరి. పిమ్మట నామె సముద్రపు పాచినిగూడ చేర్చెను. ఇండోనేషియా దేశమున లీ చిన్ ఎంగ్ అను నాతడు సముద్రపు రాళ్లు, గాలిబుడగలు, వెలుతురు, ఈ మూటితోనే తొట్టులను నడపి, ఆ పద్ధతిని 1961లో ప్రకటించెను. నేటి పెద్ద పద్ధతులు పెక్కింటికి ఆ రాళ్లే పునాది.

వడపోత యనగానే మనకు పలుచని బట్టలో నీటిని వడగట్టుట జ్ఞప్తికి వచ్చును. తొట్టిలో ప్రాణము తీయు మురికి బట్టకు చిక్కునది కాదు, కంటికి కనబడునదియు కాదు. చేపలు మొప్పలగుండ అమ్మోనియాను విడుచును; మిగిలిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. మఱికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. మొదటి రెండును చేపలకు విషములు; మూడవది కొంతవఱకు సహింపదగినది. ఈ జీవులు నీటిలో తేలియాడుట తక్కువ. రాతిని, ఇసుకను, స్పంజిని అంటిపెట్టుకొని బ్రదుకును. బెజ్జములు గల రాతి లోపలికి ప్రాణవాయువు చొరని తావులలో వేఱు జాతి జీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోనికి పంపివేయును. కావున, పైన ప్రాణవాయువును లోపల దాని లేమియు గల రాయి యొక్కటియే రెండు పనులు చేయుచున్నది. ఏ డబ్బాను కొనినను దానికంటె గొప్ప యేర్పాటు దొరకుట యరిది.

అంగళ్లలో నమ్ము డబ్బా ఫిల్టరు సంగతి చూతము. అది నీటిని పీల్చి స్పంజిగుండ నడపును. నీరు తేటగానే యుండును. కాని చిక్కిన చెత్త తొట్టిలోని నీటితోడనే కలిసియుండి క్రుళ్లును; వారమువారము కడుగకున్న నైట్రేటు పెరుగుచునే యుండును. ఇంకొక చిక్కు. విద్యుత్తు ఆగినప్పుడు మూసిన డబ్బాలోని సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కొఱవడును. చాల గంటలు గడచినచో అవి చచ్చును. విద్యుత్తు తిరిగి రాగానే ఆ పాడునీరంతయు తొట్టిలోనికి వచ్చి పడును. వేసవిలో మన యూళ్ల సంగతి యెఱిగినవారికి ఇంతకంటె చెప్ప నక్కఱలేదు.

నురుగుతీయు యంత్రము, అనగా స్కిమ్మరు, దీనికంటె మేలైనది. ఉప్పునీటిలో సన్నని బుడగలు విశేషముగా పుట్టును. కరగియున్న మలినము ఆ బుడగల నంటుకొని నురుగై పైకి వచ్చి గిన్నెలో పడును. మలినము అమ్మోనియా కాకమునుపే తొలగిపోవుట దీని సుగుణము. తొట్టి పెద్దదై చేపలు పదియైనచో మేమును దానినే కోరుదుము. అరువది లీటర్లకు రెండే చేపలైనచో, ఆ పనిని ఒక బకెట్టును ఒక గొట్టమును చేయగలవు.

ఎట్లనగా, చేపల మేత మూలమున వారమునకు ఒక పాలు నైట్రేటు చేరు ననుకొందము. వారమున కొకసారి పదవవంతు నీటిని మార్చితిమా, ఉన్న నైట్రేటులో పదవవంతు పోవును. అది పది పాళ్లకు చేరిననాడు పోవునదియు ఒక పాలు, వచ్చునదియు ఒక పాలు; అంతకు మించదు. అయిదవవంతు మార్చితిమేని అయిదు పాళ్లయొద్దనే నిలుచును. చేపలను సగమునకు తగ్గించి పదవవంతే మార్చినను ఫలము అదియే! రాళ్లు చేయు మేలును ఈ లెక్కలో మేము చేర్చనే లేదు. వడపోత నెన్నుకొనుటకు ముందు చేపల నెన్నుకొనవలెనని మేము చెప్పుట యిందువలననే. మూడవ చేపను కొనవద్దు అనుమాట పిల్లలకు రుచింపదని యెఱుగుదుము. సముద్రపు చేపలమీద మనుష్యునకు ఏలుబడి యీయబడెనని వేదపాఠమున చదువుకొనినవారము. ఆ యేలుబడిలో లెక్క యొప్పగించుటయు నున్నది.

ఖర్చును చూతము. వారమునకు ఆరు లీటర్లు, లీటరునకు 35 గ్రాముల చొప్పున 210 గ్రాముల ఉప్పు. ఏటికి సుమారు 11 కిలోలు. ఇది వంటయింటి ఉప్పు కాదు. సున్నపు, మెగ్నీషియము లవణములు కలిసిన సముద్రపు ఉప్పు మిశ్రమమునే వాడవలెను. నీటిని కదలించు చిన్న పంపు నొకదానిని, విద్యుత్తు లేనప్పటికై బ్యాటరీతో నడచు గాలిపంపును కొనవలసినదే. వీనియందు లోభింపరాదు.

రాళ్ల విషయమున ఒక్క హెచ్చరిక. పరదేశపు గ్రంథములలో దిబ్బలనుండి తెచ్చిన సజీవశిలలను వాడుమని యుండును. మన దేశమున రాతిపగడములు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేర్పబడినవి. మన్నారు సింధుశాఖనుండి గాని అండమానునుండి గాని ఎవరో తెచ్చియిత్తురని ఆశపడుట నేరమునకు చేయి కలుపుటయే. బెజ్జములు గల పొడిరాళ్లును, పింగాణి ముక్కలును చాలును; సూక్ష్మజీవులు వానినిగూడ ఆశ్రయించును, కొంచె మాలస్యమగును, అంతే. మన తొట్టిలో పగడములు లేకున్నను, రాళ్ల నడుమ రెండు క్లౌను చేపలు, కొన్ని నత్తలు, ఒక సన్యాసి పీత యుండవచ్చును. క్లౌను చేపలను మన దేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తొట్టులలోనే పిల్లలు పెట్టించిరి గనుక, అట్లు పెంచిన వానినే అడిగి కొనవలెను.

యంత్రములు లేనిచో విద్యార్థు లేమి నేర్తురని ఒక మిత్రు డడిగెను. చేపలను వేయుటకు ముందు నాలుగు మొదలు ఆఱు వారములు తొట్టిని ఊరక నడపవలెను. అందొక చిన్న రొయ్య ముక్కను వేసి, రెండు దినముల కొకసారి నీటిని పరీక్షించి, రంగును పట్టికలో వ్రాయవలెను. అమ్మోనియా పెరిగి తగ్గును. పిదప నైట్రైటు పెరిగి తగ్గును. తుదకు నైట్రేటు మిగులును. తమ చేతులతో గీచిన ఆ మూడు గీతలనుండి నేర్చునంత పాఠము మూసిన డబ్బానుండి నేర్వలేరు.

మిగిలిన దొక్కటే, వేసవి సెలవులు. ఎండకు నీరు ఆవిరియైపోవును గాని ఉప్పు పోదు. చిన్న తొట్టిలో రెండు మూడు దినములకే ఉప్పు మితిమీఱును. కావున అద్దముపై గీటు గీచి, ప్రతిదినమును ఆ గీటువఱకు శుద్ధమైన మంచినీటినే పోయుచుండవలెను. సెలవులలో ఏ వారమున ఎవరు వచ్చి పోయుదురో పేర్లు వ్రాసి ప్రయోగశాల తలుపునకు అంటించిన పిమ్మటనే తొట్టికి సొమ్ము చెల్లింపవలెనని మా మనవి.