రాయొద్దని చెప్పిన సంపాదకుడు

1941 అక్టోబరు 7న జాన్ కర్టిన్ ఆస్ట్రేలియా ప్రధాని అయ్యారు. పదవి వచ్చాక కూడా పాత్రికేయుల సంఘం బిళ్ల పెట్టుకోవడం మానలేదు. అదేమీ అలంకారం కాదు, పదకొండేళ్లు సంపాదకుడిగా పనిచేసిన మనిషి.

కర్టిన్ ఓ పోలీసు కానిస్టేబుల్ కొడుకు. చిన్నతనంలోనే చదువు ఆగిపోయింది. కలప కార్మికుల సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిర్బంధ సైనిక సేవకు ఎదురుతిరిగి 1916లో కొద్దిరోజులు జైల్లో గడిపారు. మరుసటి ఏడాది పెర్త్ వెళ్లి ‘వెస్ట్రేలియన్ వర్కర్’ అనే కార్మిక పత్రిక పగ్గాలు పట్టారు. తాగుడు ఆయన్ని చాలాకాలం వేధించింది. ఇక ముట్టనని మాటిచ్చాకే 1935లో లేబర్ పార్టీ నాయకత్వం దక్కింది, అదీ ఒక్క ఓటు తేడాతో.

ప్రధాని అయిన రెండు నెలలకే పసిఫిక్‌లో జపాన్ యుద్ధం మొదలుపెట్టింది. డిసెంబరు 27న మెల్‌బోర్న్ ‘హెరాల్డ్’లో ఆయన పేరుతో ఓ వ్యాసం వచ్చింది. బ్రిటన్‌తో ఉన్న పాత బంధాల గురించి మొహమాటపడకుండా ఆస్ట్రేలియా ఇక అమెరికా వైపే చూస్తుందన్నది దాని సారాంశం. బ్రిటన్ ప్రధాని చర్చిల్ మండిపడ్డారు. ఏ ప్రధాని అయినా ఈ మాట దౌత్యలేఖలో రాసి పంపేవాడు. కర్టిన్ పత్రికలో అచ్చేయించారు.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. 19న డార్విన్ మీద బాంబులు పడ్డాయి. మధ్యప్రాచ్యం నుంచి స్వదేశానికి వస్తున్న ఆస్ట్రేలియా సైనిక డివిజన్‌ను రంగూన్‌కు మళ్లించాలని చర్చిల్ పట్టుబట్టారు, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వంత పాడారు. కర్టిన్ ససేమిరా అన్నారు. ఆయన్ని అడగకుండానే చర్చిల్ ఓడల్ని అటు తిప్పించారని తెలిశాక మరీ బిగుసుకున్నారు. రక్షణ సరిగా లేని ఆ ఓడలు హిందూ మహాసముద్రంలో ఉన్నన్నాళ్లూ ఆయనకు కంటిమీద కునుకు లేదు. మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. మనకు ఆ ఊరు పరాయిది కాదు. కోస్తా జిల్లాల నుంచి వెళ్లిన కూలీలు రేవులో, బియ్యం మిల్లుల్లో వేలాదిగా ఉండేవారు, ఆ ఏడాది కాలినడకన ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఆ ఒక్క డివిజన్ దిగి ఉంటే రంగూన్ నిలిచేదని నమ్మడం కష్టం. అదే డివిజన్ కొద్ది నెలల తర్వాత న్యూగినీలో కొకోడా దారిన పోరాడింది.

అసలు విశేషం కాన్‌బెర్రాలో ఆయన గది. ముఖ్య విలేఖరులను రోజుకు రెండుసార్లు పిలిచి ఓడల కదలికలు, అమెరికా సేనాని మకార్థర్ ఆలోచనలు, మిత్రదేశాలతో తగాదాలు దాచకుండా చెప్పేవారు. అచ్చులోకి మాత్రం వెళ్లకూడదు. వాళ్లూ రాయలేదు. దీన్ని పరస్పర నమ్మకం అని మెచ్చుకుంటారు, నిజమే. కానీ ఇందులో వృత్తి తెలిసినవాడి గడుసుతనమూ ఉంది. తెలియని సంగతిని విలేఖరి ఊహించి రాయగలడు. ప్రధాని నోటివెంట విన్నాక ఆ వీలూ ఉండదు. సెన్సారు అధికారి కత్తెరకు ఇంత పదును లేదు.

ఆ కత్తెర కూడా పనిచేస్తూనే ఉంది. 1944 ఏప్రిల్‌లో సమాచార మంత్రి ఆర్థర్ కాల్వెల్‌తో సిడ్నీ పత్రికలకు చెడింది. ‘సండే టెలిగ్రాఫ్’ సెన్సారు కొట్టేసిన చోట ఖాళీలు వదిలి పాఠకులకు చూపించింది. పోలీసులు ప్రతులు జప్తు చేశారు, మిగతా పత్రికలూ కలిసొచ్చాయి, వ్యవహారం హైకోర్టుకెక్కాక ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఏడాది, ఒకప్పుడు తనను జైలుకు పంపిన నిర్బంధ సైనిక సేవనే కర్టిన్ దేశం వెలుపలి నైరుతి పసిఫిక్‌కు విస్తరించారు. సొంత పార్టీవాళ్లే దుయ్యబట్టారు. ఆ రోజుల్లో ‘వర్కర్’ సంపాదకుడిగా ఉండి ఉంటే ఆయన కూడా సంపాదకీయంలో దుమ్మెత్తిపోసేవారే.

1945 జులై 5న పదవిలో ఉండగానే కన్నుమూశారు, మరుసటి నెలలో జపాన్ లొంగిపోయింది. ఆత్మకథ రాసుకునే వ్యవధి దొరకలేదు. అయితే ఆ గదిలో విన్నదాన్ని విలేఖరులు పత్రికల్లో వేయకపోయినా టైపు చేసి తమ పైవాళ్లకు పంపేవారు. ఫ్రెడరిక్ స్మిత్ అనే విలేఖరి కాగితాలు 1997లో ‘బ్యాక్‌రూమ్ బ్రీఫింగ్స్’ పేరుతో పుస్తకంగా వెలువడ్డాయి. ఇవాళ చరిత్రకారులు కర్టిన్ మనసులో మాట కోసం వెతికేది ఆయన అచ్చేయవద్దన్న ఆ కాగితాల్లో కూడా.