అంటు కొనే ముందు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి స్థిరపడి ఉన్నాయి. పెరడున్న క్వార్టరు దొరికినప్పుడు ఒక మామిడి నాటాలని ఎవరికైనా అనిపిస్తుంది. బెంగాలులో ఉండి లంగ్డా రుచి మరిగినవారు ఆ అంటునే తెచ్చుకుంటారు. నాలుగైదేళ్ళు నీళ్ళు పోసిన మీదట చెట్టు నిండా పూత వస్తుంది. పిందె మాత్రం నిలవదు. మంచును, తేనెమంచు పురుగును, చివరకు ఇరుగుపొరుగు దిష్టిని కూడా నిందించడం కద్దు.

కారణం మరొకటి కావచ్చును. లంగ్డా, దశహరి, చౌసా రకాలు స్వంత పుప్పొడితో కాయ నిలుపుకోలేవు. ఫలదీకరణ జరిగినా, పిండానికి ఆహారమిచ్చే కణజాలం కొద్ది రోజులకే క్షీణించి పిందె రాలిపోతుంది. ఒక్కొక్కప్పుడు రెమ్మ చివర బఠాణీలంత పిందెలు గుంపుగా కనిపించి ఆశపెడతాయి. ఉత్తర భారతంలో దీనిని ‘ఝుమ్కా’ అంటారు. చెవి బుట్టలతో పోలిక! పేరు చక్కనిదే గాని, ఫలం దక్కదు.

రెండు చెట్లు నాటితే సరి గదా అనవచ్చు. రెండూ లంగ్డాలే అయితే లాభం లేదు. ఒక రకపు అంటులన్నీ ఒకే మూలవృక్షపు కొమ్మలు. నూరు నాటినా పుప్పొడి ఒక్కటే. కావలసినది వేరొక రకం, అదీ అవే రోజులలో పూచేది. అందుకే దశహరి తోటలలో నూటికి ఐదారు చెట్లు అన్య రకాలవి ఉండాలని శాస్త్రజ్ఞుల సలహా. చలి దేశాల హేజల్ గింజల తోటలలో ఈ నియమం మరింత కఠినం. అక్కడ పుప్పొడిని గాలి మోస్తుంది. రకాల పేర్లు వేరైనా, పుప్పొడిలోని జన్యు గుర్తు తనలోనూ ఉంటే కీలాగ్రం దానిని తిరస్కరిస్తుంది. సగోత్రం విచారించే మనకు ఇది వింతగా తోచదు.

మామిడికి పుప్పొడి మోసేవి ముఖ్యంగా ఈగలు. పూత విరగబూసిన వేళ పురుగుమందు చల్లితే వాటినే చంపుకున్నట్లవుతుంది.

క్వార్టరులో రెండవ చెట్టుకు చోటెక్కడ? పొరుగు పెరట్లో ఎవరో టెంక పాతి పెంచిన నాటు మామిడి ఉన్నా చాలును, అదే సమయంలో పూస్తే. ఈగకు ప్రహరీ అడ్డు కాదు. అదీ లేనప్పుడు, ఉన్న చెట్టు కొమ్మకే మరో రకం పుల్లను అంటు కట్టించవచ్చును. బదిలీల ఉద్యోగంలో నాలుగైదేళ్ళు స్వల్పకాలం కాదు. కనుక నర్సరీలో ధర అడిగే ముందు, పూత కాలంలో ఒకసారి వీధి వెంట నడిచి, ఎవరి పెరట్లో ఏ రకం ఎప్పుడు పూస్తున్నదో కనుక్కోండి.