బందరు కంప్యూటర్లకొక వ్రాతపట్టీ

బందరు కోనేరు సెంటరులోనో గుడివాడ బస్టాండు దాపుననో శుభలేఖలు, కరపత్రములు, దరఖాస్తులు కూర్చు డీటీపీ దుకాణపు కంప్యూటరు ఒకనాడు మొరాయించెనేని, ఫార్మాటు కొట్టించి మరల సిస్టము వేయించుట పూటలో ముగియు పనియే. కాని ఏ ఫాంట్లు ఉండెడివి, కీబోర్డు అమరిక యేది, ఏ ప్రోగ్రామునకు ఏ సెట్టింగు అను సంగతులన్నియు ఆపరేటరు వ్రేళ్లలో తప్ప మఱెక్కడను లేనందున, ఆతడు సెలవులో నున్నచో యజమాని నిస్సహాయుడగును. ఈ పరాధీనతను తొలగించు మార్గము ఇరువదేండ్లుగా కలదు. మనవారి దృష్టి దానిపై పడలేదు.

నెదర్లాండ్సులోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయమున ఎల్కో డోల్‌స్ట్రా 2006లో తన డాక్టరేటు సిద్ధాంతగ్రంథమున వివరించిన నిక్స్ పద్ధతియే ఆ మార్గము. దానిపై వెలసిన హోమ్ మేనేజరును వాడువాడు, లినక్సులో గాని మ్యాకులో గాని, తనకు కావలసిన ప్రోగ్రాములను, ఫాంట్లను, సెట్టింగులను ఒక్క ఫైలులో వ్రాసియుంచును. పెండ్లివారు వంటవానికి విస్తరిలో ఏమేమి ఉండవలెనో పట్టీ యిత్తురే గాని పొయ్యి రాజేయు విధము చెప్పరు గదా! ఒక ఆజ్ఞ యిచ్చినంతనే ఆ వ్రాత ప్రకారము క్రొత్త అమరిక పాతదానిని చెఱుపక ప్రక్కనే సిద్ధమై, అంతయు కుదిరిన పిమ్మటనే దాని స్థానమును గ్రహించును. నచ్చనిచో నిన్నటి అమరికకు మరలిపోవచ్చును.

ఇతర ప్రాంతములకు ఇది విలాసము కావచ్చును గాని, కృష్ణ కడపటి పాయల దాపున నున్న ఈ సీమకు కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మాట అటుంచి, 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగినపుడు దివిసీమ లంకలు పడిన అవస్థ అందఱు నెఱిగినదే. యంత్రము నీట నానిపోయినను, ఆ చిన్న ఫైలు దూరముననున్న బంధువు ఈమెయిలులో నిలిచియున్నచో, క్రొత్త యంత్రముపై వెనుకటి అమరికయే లేచి నిలుచును. అయితే ఆ ఫైలు కాపాడునది అమరికనే గాని మనము కూర్చిన పత్రములను గాదు. వానికి వేఱుగా నకలు ఉండవలసినదే. పాస్‌వర్డులు మాత్రము అందు వ్రాయరాదు: ఆ యంత్రమును వాడు వారెల్లరును వానిని చదువగలరు.

తెలుగువారికి ముఖ్యమైనది లైసెన్సు విషయము. డాంగిలు గ్రుచ్చినగాని తెఱచుకొనని పాత డీటీపీ ఫాంట్లకు ఈ పట్టీలో చోటు లేదు. పైగా యూనికోడు కాని ఆ ఫాంట్లతో కూర్చిన వ్యాసము వేఱొక యంత్రములో ఇంగ్లీషు అక్షరముల గజిబిజియై కనబడును. సిలికానాంధ్ర సంస్థవారు ఓపెన్ ఫాంట్ లైసెన్సుపై విడుదల చేసిన యూనికోడు ఫాంట్లకు ఆ చిక్కు లేదు. వానిలో నొకటి, 1975 ప్రపంచ తెలుగు మహాసభలకు సారథ్యము వహించిన దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేర వెలసిన 'మండలి'. మఱొకటి నిమ్మకూరున జన్మించి 1983లో గుడివాడ నుండి శాసనసభకు గెలిచిన నందమూరి తారక రామారావు పేర 'ఎన్‌టీఆర్'. ఈ సీమవారి పేళ్లు గల ఆ రెండును ఒక్క పంక్తితో పట్టీలో చేరును.

నిక్స్ భాష కటువైనదనియు, తప్పు దొరలినచో అది పలుకు సందేశములు పండితులకే కొఱుకుడుపడవనియు నేనును ఒప్పుకొందును. విండోసులో పేజ్‌మేకరును విడువజాలని దుకాణములకు ఇది నేడే అక్కఱకు రాదు. విండోసులోని వింగెట్ సాధనము ఇట్టి వ్రాతను కొంత అంగీకరించును గాని, నిన్నటి అమరికకు ఒక్క ఆజ్ఞతో మరలు వసతి అందు లేదు. కావున 2008లో బందరున నెలకొన్న కృష్ణా విశ్వవిద్యాలయపు విద్యార్థులు, ఏటేట ఎవరును తెఱచిచూడని ప్రాజెక్టు నివేదికలు సమర్పించుటకు మాఱుగా, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, పై ఫాంట్లు, లిబ్రె ఆఫీసు, స్క్రైబసు కూడిన ఒక సిద్ధమైన ఫైలును దుకాణములకు ఉచితముగా అందింపవచ్చును. అందలి మొదటి ముసాయిదాను మాత్రము ఆపరేటరు చెప్పగా విద్యార్థి వ్రాయవలెను. శుభలేఖకు ఏ ఫాంటు, కరపత్రమునకు ఏ ఫాంటు అన్నది ఆతనికే తెలియును గనుక, ఫైలు తొలిపంక్తిలో ఆతని పేరుండుటయు న్యాయమే.