ముందు లెక్కపెట్టండి!

"సముద్రంలో తిమింగిలాల్ని లెక్కపెట్టడం కూడా ఒక సైన్సేనా?" అని మా క్లాసు మిత్రుడొకడు నవ్వాడు. లాబరేటరీలో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడే శాస్త్రవేత్త అని మనలో చాలామందికి ఒక నమ్మకం. అది సరికాదని చెప్పడానికే యీ నాలుగు మాటలు. నాకు సాక్షి మైకేల్ బిగ్ అనే కెనడా శాస్త్రజ్ఞుడు.

కెనడా పడమటి తీరంలో, వాంకూవర్ ద్వీపం చుట్టూ ఓర్కాలు తిరుగుతుంటాయి. వీటినే కిల్లర్ వేల్ అంటారు గాని, నిజానికివి డాల్ఫిన్ల కుటుంబానివి. సాల్మన్ చేపలన్నీ ఇవే తినేస్తున్నాయని అక్కడివాళ్ళు మొరపెట్టుకుంటే, 1961లో మత్స్యశాఖవారు ఒక ఇరుకు జలసంధి దగ్గర ఏకంగా మెషీన్‌గన్నే బిగించారు! అదృష్టంకొద్దీ దాన్ని పేల్చలేదు. తర్వాత మరో వ్యాపారం బయల్దేరింది: వలలు వేసి, పిల్లల్ని పట్టి, ప్రదర్శనశాలలకు అమ్మడం. వేలకొద్దీ వున్నాయిగదా, నాలుగు పోతే ఏమిటని వాళ్ళ ధీమా. ఆ వేలు ఎవరు లెక్కపెట్టారయ్యా అంటే, ఎవరూ లేరు.

1970లో నానైమోలోని ప్రభుత్వ పరిశోధనాకేంద్రంలో సముద్రపు క్షీరదాల పరిశోధన బిగ్ చేతికొచ్చింది. 1971 జూలైలో ఒక రోజు నిర్ణయించి, లైట్‌హౌస్ కాపలాదార్లకూ, జాలర్లకూ, పడవలవాళ్ళకూ వేలాది ఫారాలు పంపి, ఆనాడు కనిపించిన ఓర్కాలన్నీ రాసి పంపమన్నాడు. తేలిందేమిటి? మొత్తం 350కి మించి వుండవని!

ఆ తర్వాత ఫోటోలు. వీపుమీది రెక్క అంచున వుండే గాట్లూ, రెక్క వెనకాల బూడిదరంగు మచ్చా ఒకదానికున్నట్టు మరొకదానికుండవని ఆయనా, సహచరులూ గమనించారు. ఇలా ప్రతి ఓర్కానూ గుర్తుపట్టవచ్చునంటే మొదట్లో నమ్మనివాళ్ళున్నారు. నాకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు. సాయంత్రం మంద ఊళ్ళోకి వస్తుంటే, కొమ్ముల వంపూ చెవి చీలికా చూసి ఏ గేదె ఎవరిదో మా అమ్మ చెప్పేస్తుంది. బిగ్ చేసిందీ అదే. కాకపోతే ఆయన కాగితం మీద పెట్టి, యేటికేడాదీ సరిచూశాడు.

అలా చూడబట్టే సంగతులు బయటపడ్డాయి. ఓర్కాల్లో చేపలు తినే తెగ వేరు, సీళ్ళను వేటాడే తెగ వేరు, రెండూ కలవవు. చేపలు తినేవాటిలో పిల్లలు, మగవైనా సరే, జన్మంతా తల్లిని విడవవు. పట్టుకుపోయిన పిల్లలు చాలావరకు దక్షిణాన తిరిగే కొద్ది కుటుంబాలవేనని కూడా తెలిసింది. ఇక 'వేలకొద్దీ' అనే మాటకు చోటు లేకపోయింది. పక్కనే వున్న అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో 1976లో పట్టుడు ఆగింది.

ఇంతలో ఆయన ఓర్కా పరిశోధనకు ప్రభుత్వం డబ్బు ఆపేసింది. అయినా మానలేదు, తీరిక వేళల్లో తన పని తాను చేసుకుపోయాడు. 1990లో, యాభై ఏళ్ళకే, లుకేమియాతో చనిపోయాడు. సీళ్ళను వేటాడే తెగను ఇప్పుడు ఆయన పేరుతోనే 'బిగ్స్ కిల్లర్ వేల్' అంటున్నారు.

లెక్కపెట్టినంత మాత్రాన బతుకుతాయా అని అడగవచ్చు. నిజమే. దక్షిణాది గుంపు నేటికీ ఎనభైకి లోపే వుంది. 2005లో అమెరికా దాన్ని అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. సాల్మన్లు తగ్గాయి, ఓడల రొద పెరిగింది, నీళ్ళలో విషాలు చేరాయి. కాని లెక్కే లేకపోతే, తగ్గుతున్నాయన్న సంగతైనా తెలిసేదా?

నేనూ రైతుబిడ్డనే. వేరుశనగ చేలో అడవిపందులు పడ్డ మర్నాడు మా నాన్న ముఖం చూసినవాణ్ణి. ఆ జాలర్ల కడుపుమంట నాకు అర్థమవుతుంది. మేమూ "వందలకొద్దీ వున్నాయిరా, కాల్చిపారెయ్యాలి" అంటాం. ఎన్ని వున్నాయో, ఎంత పంట పోయిందో సరిగ్గా లెక్కగట్టి చెప్పేవాడు మా ఊరికింతవరకు రాలేదు. లెక్క లేకపోతే రైతుకు నష్టపరిహారమూ సరిగా రాదు, జంతువుకు న్యాయమూ జరగదు.

కనుక సోదర విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి చెరువులో కొంగలెన్నో లెక్కపెట్టి, తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. పై ఏడు అదే రోజున మళ్ళీ రాయండి. అప్పుడు చెప్పండి, ఇది సైన్సో కాదో!